సూదులవారు, నడకలవారు

కాకినాడలో ఉన్న రాష్ట్ర కొబ్బరిపీచు ఉత్పత్తుల పర్యవేక్షణ మండలి పుట్టి ముప్పై ఏళ్ళయింది. ఈ ముప్పై ఏళ్ళలో అక్కడ కొబ్బరిపీచుని ఎవరైనా పర్యవేక్షించిన దాఖలా లేదు గానీ, ఉద్యోగుల పొట్టల్ని మాత్రం ఒక శుక్రవారం నాడు శ్రద్ధగా పర్యవేక్షించారు. ఆరోగ్య శిబిరం పెట్టి, అందర్నీ వరసగా బల్లమీద పడుకోబెట్టి, పొట్టమీద చల్లటి జిగురు రాసి స్కానింగ్ తీస్తే ఎనభై రెండు మందిలో అరవై నాలుగు మందికి ఫ్యాటీ లివర్ తేలింది. అంటే కాలేయానికి కొవ్వు పట్టింది. అలాగని మిగతా పద్దెనిమిది మందీ ఆరోగ్యవంతులని కాదు, వాళ్ళలో పదిహేను మంది ఆ రోజు సెలవు.

ఆ వార్త విని మండలిలో ఎవరూ పెద్దగా దిగులుపడలేదు. "నాది గ్రేడ్ టూ" అన్నవాడు "నాది గ్రేడ్ వన్" అన్నవాణ్ణి జూనియర్ని చూసినట్టు చూశాడు. దిగులుపడ్డవాడు ఒక్కడే, నాణ్యత విభాగంలో సీనియర్ అసిస్టెంటు దంగేటి భీమశంకరం. అతనికి ఈ కొవ్వు సంగతి పది రోజుల ముందే తెలుసు.

అతని అక్క మాణిక్యానికి కాలేయం చెడిపోయింది. జన్మలో మందు వాసన ఎరగని మనిషి, ఏదో జబ్బు లోపల్లోపల తినేసింది. ఎవరైనా తమ లివర్‌లో ముక్క కోసి ఇస్తే తప్ప బతకదని విశాఖపట్నంలో ఆసుపత్రివాళ్ళు తేల్చారు. తల్లి పోయినప్పుడు ఎనిమిది నెలల పసివాడైన భీమశంకరాన్ని చంకనెత్తుకుని పెంచింది ఆ అక్కే. అప్పటికి ఆవిడకి పన్నెండేళ్ళు. కాబట్టి ఎవరిస్తారన్న చర్చే రాలేదు. రక్తం కలిసింది, కొలతలు కలిశాయి, కొవ్వు దగ్గర బండి ఆగిపోయింది.

"మీ లివర్‌లో నూటికి పాతిక వంతులు కొవ్వేనండి. ఇలాంటిది కోస్తే మీకూ ప్రమాదం, పెడితే ఆవిడకీ ప్రమాదం. రోజూ గంట నడవండి, తిండి తగ్గించండి. మూడు నెలల్లో ఎనిమిది కిలోలు తగ్గి రండి, అప్పుడు చూద్దాం" అన్నాడు డాక్టరు. ఆ మూడు నెలలకి మించి ఆవిడ ఆగదని వరండాలోకి పిలిచి విడిగా చెప్పాడు.

అప్పటికి పది రోజులుగా భీమశంకరం కష్టపడి నడుస్తున్నాడు. సరిగ్గా అప్పుడే మండలికి విజ్ఞానం మీద మోజు పుట్టింది.

మండలి సంచాలకులు చిదంబరేశ్వరరావుగారు కొత్తగా ఏదో కొండమీద ఊళ్ళో నాలుగు రోజుల శిక్షణ పొంది వచ్చారు. ఏ నిర్ణయమైనా రెండింటిని పోల్చి చూశాకే తీసుకోవాలన్నది ఆ శిక్షణలో ఆయన పట్టుకున్న ముక్క. వచ్చిన దగ్గర్నుంచీ పోల్చడానికి ఏమీ దొరక్క అల్లాడిపోతున్నారు. పైగా ఉద్యోగుల్లో సగంమంది ఆఫీసు వేళల్లో వ్యాయామానికి గంట ఇవ్వాలనీ, మిగతా సగం ఆక్యుపంక్చర్ అయితే కూర్చున్న చోటే పనైపోతుందనీ అర్జీలు పెట్టారు. ఆయనకి పండగైపోయింది. అందర్నీ సమావేశపరిచారు.

"మిత్రులారా, ఇది వ్యక్తుల కొవ్వు కాదు. ఇది సంస్థాగత కొవ్వు. దీన్ని సంస్థాగతంగానే ఎదుర్కొందాం. ముప్పై రెండు మంది వ్యాయామం చేస్తారు. ముప్పై రెండు మంది సూదులు పెట్టించుకుంటారు. తొంభై రోజుల అనంతరం ఏది మేలో ఈ మండలి యావత్ రాష్ట్రానికి దిశానిర్దేశం చేస్తుంది" అన్నారు.

కొబ్బరిచిప్పలో చీటీలు వేసి తీయించారు. భీమశంకరానికి సూదులు వచ్చాయి. అతని పక్క సీటు తాతబ్బాయికి నడక వచ్చింది. తాతబ్బాయి నూట పన్నెండు కిలోల మనిషి, చీటీ చూసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఇద్దరూ కలిసి సంచాలకుల గదికి వెళ్ళారు.

"అయ్యా, నాకు నడక ఇప్పించండి. మా అక్కకి లివర్ ఇవ్వాలండి. మూడు నెలల్లో కొవ్వు తగ్గకపోతే తీసుకోరంటండి" అని భీమశంకరం డాక్టరు రాసిన కాయితం బల్లమీద పెట్టాడు.

"నాకు సూదులైనా పర్లేదండి, కత్తులైనా పర్లేదండి. కుర్చీలో కూర్చోబెడితే చాలండి, ఆయ్" అన్నాడు తాతబ్బాయి.

సంచాలకులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "శంకరంగారూ, మీ సోదరి పట్ల మండలికి సంపూర్ణ సానుభూతి ఉంది. దాన్ని మినిట్స్‌లో నమోదు చేయిస్తాను. కానీ నడవాలనుకున్నవాళ్ళే నడిస్తే, ఆ ఫలితం నడకదో కోరికదో ఎలా తెలుస్తుంది? నడవడం ఇష్టం లేనివాడు నడవాలి. నడవాలనుకునేవాడు నడవకూడదు. దాన్నే నిష్పాక్షికత అంటారు."

"మరి మా అక్కండి?"

"చెప్పానుగా, మినిట్స్‌లో ఉంటారు."

అలా మాణిక్యం మినిట్స్‌లోకి వెళ్ళింది. భీమశంకరం సూదుల్లోకి వెళ్ళాడు.

మర్నాటి నుంచి సర్క్యులర్లు మొదలయ్యాయి. ఒక వర్గం వైద్యం రెండో వర్గానికి అంటుకుంటే దాని పేరు సాంకర్యమట. దాన్ని అరికట్టడానికి గంటి నీలాద్రిరావు అనే పర్యవేక్షకుణ్ణి సాంకర్య నిరోధక అధికారిగా నియమించారు. ముప్పై ఏళ్ళుగా చేసేందుకు పనిలేక ఎదురుచూసిన మనిషికి పని దొరికితే ఎలా ఉంటుంది? మెడలో ఈల, చంకలో రిజిస్టరు, జేబులో అడుగులు లెక్కపెట్టే యంత్రం పెట్టుకుని రంగంలోకి దిగాడు.

సూదులవారు ఒక విడతలో నలభై అడుగులకు మించి వేయరాదన్నది మొదటి నియమం. నలభై దాటితే అది వ్యాయామం కిందికి వస్తుంది. తీరా కొలిస్తే సీట్లకీ మరుగుదొడ్డికీ మధ్య యాభై రెండు అడుగులు తేలాయి. నలభయ్యో అడుగు దగ్గర మూడు కుర్చీలు వేశారు. సూదులవాడు అక్కడ ఐదు నిమిషాలు కూర్చుని విశ్రాంతి తీసుకుని, మిగతా పన్నెండు అడుగులూ కొత్త విడతగా వెయ్యాలి. ఏ వేళప్పుడు చూసినా ఆ కుర్చీల్లో ముగ్గురు పళ్ళు బిగబట్టుకుని గడియారం వంక చూస్తూ ఉండేవారు.

తర్వాత మెట్ల సమస్య వచ్చింది. మండలి ఉన్నది మూడో అంతస్తు. లిఫ్టు లేదు. ఉందనుకుని ఏటా దానికి మరమ్మతులు మాత్రం మంజూరవుతాయి. మెట్లెక్కడం వ్యాయామమా కాదా అని రెండు రోజులు చర్చించి, ఎక్కడం వ్యాయామమే, దిగడం వ్యాయామం కాదు గానీ దిగాలంటే ముందు ఎక్కి ఉండాలి కాబట్టి రెండూ నిషిద్ధమే అని తేల్చారు. మరి సూదులవారు పైకి చేరడం ఎలాగ? పీచు నమూనాల బస్తాలు పైకి లాగడానికి భవనం వెనకాల ఒక గిలక, మోకు ఉన్నాయి. "బస్తాకి పనికొచ్చింది ఉద్యోగికి పనికి రాదా?" అన్నారు సంచాలకులు. మండలి సొంత కొబ్బరిపీచుతో గట్టి వల అల్లించారు. పొద్దున్న పదింటికి సూదులవారు ఒక్కొక్కరే టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని వలలో కూర్చుంటే, పైనుంచి నడకలవారు మోకు పట్టి లాగేవారు. లాగడం వ్యాయామం కాబట్టి ఆ వర్గానికి వ్యాయామమూ అయిపోయేది. ఒకే మోకుతో రెండు వైద్యాలు జరుగుతున్నాయని సంచాలకులు మురిసిపోయారు. వీధిలో జనం మొదట్లో ఆగి చూసేవారు, తర్వాత టైము తెలుసుకోవడానికి వాడుకున్నారు.

పీచు గుచ్చుకుని భీమశంకరానికి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి. "ఏమండీ తాతబ్బాయిగారూ, కాస్త మెల్లిగా లాగండి" అని కిందనుంచి బతిమాలేవాడు. "మీరు ముందు పెసరట్లు తగ్గించండి మాస్టారూ, మా నడుములు పడిపోతున్నాయి" అని జవాబొచ్చేది. పెసరట్టు మాట దేవుడెరుగు, అతను అప్పటికే రాత్రిపూట అన్నం మానేసి రెండు పుల్కాలు తింటున్నాడు.

సూదులవారికి నడక ఎలా నిషిద్ధమో నడకలవారికి పొడుపు అలా నిషిద్ధం. అందుకని వాళ్ళు గుండుసూది ముట్టుకోకూడదన్నారు. ప్రభుత్వ కార్యాలయంలో గుండుసూది గుచ్చని కాయితం ఎక్కడుంటుంది? ఫైళ్ళన్నీ సూదులవారి బల్లలమీదికి చేరాయి, నడకలవారు చేతులు ముడుచుకు కూర్చున్నారు. ఇంతలో నీలాద్రిరావుకి దోమలు జ్ఞాపకం వచ్చాయి. కాకినాడ దోమ కుడితే సూది గుచ్చినట్టే ఉంటుంది. 'నడక వర్గీయులను దోమ కుట్టుటను అనధికార ఆక్యుపంక్చరుగా పరిగణించడమైనది' అని సర్క్యులర్ నంబరు పదిహేడు వచ్చింది. ముప్పై రెండు మందికీ మనిషికొక దోమతెర కుట్టించి తల మీదనుంచి మోకాళ్ళదాకా తొడిగించారు. ఆ తెరలతో వాళ్ళు మోకు లాగుతుంటే చూడడానికి రెండు కళ్ళూ చాలేవి కావు.

అన్నిటికన్నా గొప్పది కాజాల సర్క్యులర్. మొదటి వారం మోకు లాగి నడకలవారు తలా అరకిలో తగ్గారు. నీలాద్రిరావు పరుగున వెళ్ళి చెప్పాడు. సంచాలకులు దీర్ఘంగా ఆలోచించారు.

"బరువు తగ్గి లివర్ బాగుపడితే ఆ ఘనత బరువు తగ్గడానికి వెళ్తుంది గానీ వ్యాయామానికి వస్తుందా? మనం పరీక్షిస్తున్నది వ్యాయామాన్ని. కాబట్టి వాళ్ళ బరువు మారకూడదు."

ప్రతి శనివారం కాటా వేసి, ఎవరు ఎంత తగ్గితే అంతకంతా కాకినాడ కాజాలతో పూరించమని ఉత్తర్వు ఇచ్చారు. వంద గ్రాములకి నాలుగు కాజాలు. తాతబ్బాయి ముఖంలో అంత వెలుగు అతని పెళ్ళినాడు కూడా ఎవరూ చూడలేదు. రెండో శనివారానికల్లా కాటా ఎక్కే ముందు బెల్టు, చెప్పులు, ఉంగరం తీసేసి తక్కువ తూగడం అందరూ నేర్చేసుకున్నారు.

ఇక సూదుల సంగతి. ఆక్యుపంక్చర్ వైద్యురాలు డాక్టర్ ఇందుమతి అని, పని తెలిసిన మనిషి. సూదుల కొనుగోలుకి టెండరు పిలిస్తే గోనెసంచులు కుట్టే దబ్బనాల కంపెనీ తక్కువకి వేసింది. ఆ వివాదం తేలేదాకా సూదులవారు రోజూ గంటసేపు సూదులున్నట్టే భావించుకుని కూర్చోవాలన్నారు. ఇందుమతిగారు చూసి చూసి సొంత సూదులు తెచ్చుకుని పదిహేను రోజులకొకసారి పెట్టడం మొదలుపెట్టారు. మొదటిసారి భీమశంకరం కాలికి సూది పెడుతూ, "రోజూ ఎంతసేపు నడుస్తున్నారు?" అని అడిగారు.

"నడవకూడదండి. నలభై అడుగులేనండి."

"ఎవరన్నారు?"

"సర్క్యులర్ నంబరు మూడండి."

"అదేంటండీ, సూదులు పెట్టించుకుంటే నడవకూడదని నేనెప్పుడు చెప్పాను? మీది తగ్గాలంటే నడవాలి, తిండి చూసుకోవాలి. నేను చేసేది చేస్తాను, మీరు చేసేది మీరు చెయ్యాలి."

అతను అక్క సంగతి చెప్పాడు. ఆవిడ వింటూ సూది చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఆ సాయంత్రమే సంచాలకులకి ఉత్తరం రాశారు. మూడో రోజుకి జవాబు వచ్చింది. 'వైద్య సలహాలు అధ్యయన ఫలితాలను ప్రభావితం చేయు ప్రమాదమున్నందున, అధ్యయన కాలములో వైద్యులు వైద్యమును గూర్చి మాట్లాడరాదు.'

ఆ జవాబు చదివిన మర్నాడే భీమశంకరం తెగించాడు. తెల్లవారి ఐదున్నరకి మంకీ క్యాప్ కళ్ళదాకా లాక్కుని బీచ్ రోడ్డు ఎక్కాడు. నడవడానికి అంత భయపడాల్సి వచ్చినందుకు సిగ్గూ వేసింది, కోపమూ వచ్చింది. అర కిలోమీటరు పోయాక ఎదురుగా ఇంకో మంకీ క్యాప్ వచ్చింది. దాని వెనక ఇంకొకటి. చలికాలం కాదు, ఏప్రిల్ నెల. దగ్గరికి వచ్చాక ఒకళ్ళనొకళ్ళు గుర్తుపట్టి ముగ్గురూ తల దించుకుని దాటిపోయారు. వారం తిరిగేసరికి ఆ రోడ్డుమీద సూదులవారు ఇరవై ఆరుమంది తేలారు. నడవమని కట్టుకున్నదీ కన్నబిడ్డలూ మొత్తుకున్నా గడప దాటని మనుషులు, నడవొద్దని సర్క్యులర్ వచ్చేసరికి ఎగబడి నడుస్తున్నారు. మన జాతి అలాంటిది.

నీలాద్రిరావుకి అనుమానం వచ్చి స్కూటర్ మీద గస్తీ మొదలుపెట్టాడు. ఆ స్కూటర్ చప్పుడు మైలు దూరం వినిపిస్తుంది. వినగానే రోడ్డు పొడుగునా ఇరవై ఆరుమందీ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయి సముద్రంవైపు తిరిగి నిలబడేవారు.

"శంకరంగారూ, నడుస్తున్నారా?" అన్నాడు ఒకనాడు స్కూటర్ ఆపి.

"లేదండి, నిలబడ్డానండి."

"ఇందాక ఐసు ఫ్యాక్టరీ దగ్గర కనపడ్డారు."

"అక్కడా నిలబడ్డానండి."

"అక్కడికీ ఇక్కడికీ రెండు కిలోమీటర్లుంది. మధ్యలో ఏం చేశారు?"

"మధ్యలో తమరు చూళ్ళేదు కదండి."

నీలాద్రిరావు నియమాల మనిషి. కళ్ళారా చూసింది తప్ప ఊహించింది రిజిస్టరులో రాయకూడదని సర్క్యులర్ నంబరు ఆరు. రెండు నిమిషాలు ఆలోచించి, '5.40, నిలబడి ఉన్నారు. 6.05, నిలబడి ఉన్నారు' అని రాసుకుని వెళ్ళిపోయాడు.

మాణిక్యం రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. గొంతు రోజురోజుకీ సన్నబడిపోతోంది గానీ వేళాకోళం మాత్రం తగ్గలేదు. "ఏరా, నా లివర్ని సరిగ్గా తిప్పుతున్నావా? ఎండ తగలనిచ్చావేమో, జాగ్రత్త" అనేది. అతను "తిప్పుతున్నానక్కా" అని ఫోన్ పెట్టేసి పెరట్లోకి వెళ్ళి ముఖం కడుక్కునేవాడు.

తొంభై రోజులూ అయ్యాయి. మళ్ళీ అదే బల్ల, అదే జిగురు. సూదులవారి లివర్లు అద్దాల్లా వచ్చాయి. నడకలవారి బరువు సగటున నాలుగు కిలోలు పెరిగింది, కొవ్వు రెట్టింపయింది. 'సూదుల వలన కొవ్వు తగ్గును, వ్యాయామము వలన కొవ్వు పెరుగును' అని సంచాలకులు నివేదికకి తొలి వాక్యం రాశారు. "మూడు నెలల్లో ఆరుసార్లు పెట్టానండి. ఇంత తేడా నా సూదుల వల్లే వచ్చిందని నేను రాయలేను" అని ఇందుమతిగారు సంతకం పెట్టలేదు. ఆవిడ వినయాన్ని కూడా నివేదికలో మెచ్చుకున్నారు.

భీమశంకరం పది కిలోలు తగ్గాడు. లివర్‌లో నూటికి పాతిక ఉన్న కొవ్వు నాలుగుకి దిగింది. విశాఖ డాక్టరు రిపోర్టులు చూసి సోమవారం వచ్చి చేరిపొమ్మన్నాడు. అతనికి కాళ్ళు నేలమీద ఆనలేదు. ఆపరేషన్ తర్వాత మూడు నెలలు పని చెయ్యకూడదన్నారు కాబట్టి సెలవు చీటీ రాసుకుని సంచాలకుల గదికి వెళ్ళాడు. హాల్లో అతని లివర్ స్కానింగు ఫొటో కట్టించి గోడకి తగిలించి ఉంది. కింద 'ఆదర్శ కాలేయం' అని రాసి, పైన చామంతిదండ వేశారు.

సంచాలకులు లేచి వచ్చి కరచాలనం చేశారు. చీటీ చదివి మళ్ళీ కూర్చున్నారు.

"ఇస్తారా? ఎంత?"

"కుడివైపు భాగమండి. సగం పైనే ఉంటుందంటండి."

"అంటే మన ఫలితంలో సగం పైన జిల్లా దాటిపోతుంది. అదెలా కుదురుతుంది? ఐదేళ్ళపాటు ఏటా ఇదే లివర్ని ఇదే బల్లమీద చూడాలని నివేదికలో రాశాం."

"మళ్ళీ పెరుగుతుందంటండి. రెండు మూడు నెలల్లో చాలామట్టుకు పెరుగుతుందంటండి."

"పెరిగేది కొత్త లివర్. దానికి సూదులు పెట్టలేదు. అది అధ్యయనంలో లేదు. మీ అక్కగారికి నడకలవారి లివర్లలో ఏదైనా పరిశీలించమనండి. వాటితో మాకు పని అయిపోయింది."

"అయితే ఉద్యోగం మానేస్తానండి."

"మీరు మానెయ్యవచ్చు. లివర్ నివేదికలో ఉంది, అది మానెయ్యడానికి వీల్లేదు."

భీమశంకరానికి ఒళ్ళు మండిపోయింది. "నిజం చెప్తానండి. సూదుల వల్ల కాదు. రోజూ నడిచానండి. ఆరేసి కిలోమీటర్లు నడిచానండి. నేను మీ నియమం తప్పాను, నన్ను అధ్యయనంలోంచి తీసెయ్యండి" అన్నాడు.

సంచాలకులు నీలాద్రిరావుని పిలిపించారు. రిజిస్టరు తెరిచారు. పేజీ తర్వాత పేజీ, నిలబడి ఉన్నారు, నిలబడి ఉన్నారు.

"రికార్డు ప్రకారం మీరు నడవలేదు. మంత్రిగారు శనివారం వస్తున్నారు. ఈలోగా రికార్డుకి విరుద్ధంగా ఆరోగ్యపడినట్టు ప్రచారం చెయ్యకండి" అని, లివర్ భద్రత కోసం ఇద్దరు వాచ్‌మన్‌లని కేటాయించారు. ఒకడు కుడిపక్క, ఒకడు ఎడమపక్క. ఇంటికి వెళ్తే ఇంటికి వచ్చారు. భోజనానికి కూర్చుంటే, "వేపుడు వద్దండి, లివరుకి మంచిది కాదు" అని అతని భార్య చేతిలో గరిటె పట్టుకున్నారు. విశాఖ బస్సు వైపు చూసినా ఇద్దరూ చేతులు పట్టుకునేవారు.

శనివారం మంత్రిగారు వచ్చారు. మూడో అంతస్తు వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, సూదుల మహిమకి ముందు వల మహిమ చూపించాలని సంచాలకులు సంకల్పించారు. కింద భీమశంకరాన్ని వలలో కూర్చోబెట్టారు. కాపలావాళ్ళిద్దరూ దండం పెట్టి మంత్రిగారి వైపు తల ఎత్తారు. పైన తెరల్లో నడకలవారు మోకు అందుకున్నారు. ఎల్లుండి సోమవారం. భీమశంకరానికి అక్క గొంతు గుర్తొచ్చింది. వల కట్టు విప్పుకుని కిందికి జారి, మెట్లవైపు పరుగెత్తాడు.

"ఏంటండోయ్ ఇవాళ ఇంత తేలిగ్గా ఉన్నాడు" అన్నాడు తాతబ్బాయి మోకు లాగుతూ.

"సూదుల ప్రభావమండి" అని సంచాలకులు మంత్రిగారి చెవిలో విన్నవించారు. "తొంభై రోజుల క్రితం ఇదే మనిషిని లాగడానికి ఆరుగురు కావాల్సి వచ్చేది."

మంత్రిగారు సంతోషంగా తల ఊపుతుండగా వెనకనుంచి "నమస్కారమండి" అని వినపడింది. తిరిగి చూస్తే భీమశంకరం. అప్పుడే వల ఖాళీగా పైకి వచ్చి వరండా గోడకి తగిలి ఆగింది.

"మూడంతస్తులూ మెట్లెక్కి వచ్చానండి. చూడండి, ఆయాసం లేదు. మూడు నెలల్నుంచి రోజూ నడుస్తున్నానండి. నా లివర్ మీ నివేదికకి పనికిరాదండి. మా అక్కకి పనికొస్తుంది. వదిలెయ్యండి బాబూ" అన్నాడు.

మెట్లమీద చప్పుడైంది. సూదులవారు ఒక్కొక్కరే, మొత్తం ఇరవై అయిదుగురు, చెప్పులు టకటకలాడించుకుంటూ ఎక్కి వచ్చి వరండాలో వరసగా నిలబడ్డారు. నీలాద్రిరావు అలవాటు కొద్దీ రిజిస్టరు తీసి, ఈసారి ఏం రాయాలో తెలియక మూసేశాడు.

"అంటే నడిస్తే తగ్గుతుందంటారా?" అన్నారు మంత్రిగారు తన పొట్టవంక చూసుకుంటూ.

"ఆ అంశంపై ఒక తులనాత్మక అధ్యయనం అవసరమండి" అన్నారు సంచాలకులు.

సాయంత్రానికి ఉత్తర్వు టైపయింది. 'అధ్యయన నిబంధనలకు విరుద్ధముగా, పై అధికారుల అనుమతి లేకుండా ఆరోగ్యవంతులైనందుకు గాను శ్రీ దంగేటి భీమశంకరంగారిని ఒక నెలపాటు సస్పెండు చేయడమైనది. వారి కాలేయమును నమూనాల జాబితా నుండి తొలగించడమైనది.' నీలాద్రిరావు తెచ్చి ఇచ్చాడు. భీమశంకరం రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

"నెలేనాండి? మూడు నెలలు వేయించండి బాబూ. ఆపరేషనయ్యాక మూడు నెలలు పని ముట్టుకోవద్దన్నారు."

నీలాద్రిరావు అటూ ఇటూ చూసి, జేబులోంచి పెన్ను తీసి 'ఒక' కొట్టేసి 'మూడు' అని దిద్ది పొట్టి సంతకం పెట్టాడు. "తొంభై రోజులు మీరు నిలబడ్డారనే రాశానండి. ఇదొక్కటైనా సరిగ్గా రాయనివ్వండి. అక్కగారిని అడిగానని చెప్పండి" అన్నాడు.

ఆపరేషన్ పద్నాలుగు గంటలు పట్టింది. ఎనిమిదో రోజున భీమశంకరం పొట్టకి బెల్టు కట్టుకుని, గోడ పట్టుకుని అక్క మంచం దగ్గరికి వచ్చాడు. మాణిక్యం కళ్ళలో పచ్చదనం పోయింది. మనిషి పుల్లలా ఉన్నా నోరు లేచింది.

"ఏరా, నిన్ను ఆఫీసులో సస్పెండ్ చేశారంటగా. ఏం వెలగబెట్టావు?"

"నడిచానక్కా."

"నడిస్తే?"

"నడవడం తప్పంట."

ఆవిడ నవ్వబోయి పొట్ట పట్టుకుంది. "నవ్వించకురా, కుట్లు లాగుతున్నాయి." దిండు సర్దుకుని మళ్ళీ అందుకుంది. "నువ్వు మొదటిసారి నా చెయ్యి వదిలేసి నాలుగు అడుగులు వేశావు. అడుగులకి అరిసెలు పంచాలి కదా, అమ్మ లేదు. నేనే వండాను. పాకం ముదిరిపోయి రాళ్ళలా వచ్చాయి. అవే పళ్ళెంలో పెట్టుకుని వీధి వీధంతా తిరిగాను, మా తమ్ముడు నడిచాడండీ, మా తమ్ముడు నడిచాడండీ అనుకుంటూ. ఏం మనుషుల్రా మీవాళ్ళు, నడిచావని కాయితం ఇచ్చారా?"

ఇంతలో నర్సు వచ్చి, "మాణిక్యంగారూ, ఇవాళ మంచం దిగి నాలుగు అడుగులు వెయ్యాలండి" అంది.

ఆవిడ తమ్ముడి చెయ్యి పట్టుకుని లేచింది. ఒకటి వేసింది, ఆగింది. రెండు, మూడు వేసింది. నాలుగోది చెయ్యి వదిలేసి వేసింది. అతను ఏడుస్తూనే ఫోన్ తీసి భార్యకి చేశాడు.

"సాయంత్రం వచ్చేటప్పుడు అరిసెలు పట్టుకురా. వార్డంతటికీ సరిపోవాలి."

"మీరిద్దరూ అలాంటివి తినకూడదు కదండి?"

"మేం తినం, పంచుతాం" అన్నాడు భీమశంకరం.